మందు కొట్టకుండా ద్రాక్ష పండుతుందా? ఆల్సాస్ ఆర్గానిక్ వైన్ గురించి మీ మామగారి ప్రశ్నకు జవాబు

మీరు రాసినదాంట్లో నాకు బాగా నచ్చింది మీ మామగారి మాట. సెప్టెంబర్ చివర్లో జర్మనీలోని స్టుట్‌గార్ట్ నుంచి ఫ్రాన్సులోని ఆల్సాస్ ప్రాంతానికి, కోల్మార్ వైపు వస్తున్నామని, మూడు తరాలుగా ఒకే కుటుంబం నడుపుతున్న ఆర్గానిక్ వైనరీ చూడాలనుందని రాశారు. సూపర్‌మార్కెట్లో 5 యూరోలకు దొరికే వైన్ అక్కడ 14 యూరోలు ఎందుకు, సీసా మీద ఆకుపచ్చ ఆకు గుర్తుకి విలువ ఉందా, ఆర్గానిక్ తాగితే తలనొప్పి రాదంటారు నిజమేనా, మన వంటతో ఏది బాగుంటుంది అని అడిగారు. వీటన్నిటి మధ్యలో, గుంటూరు దగ్గర మిర్చి వేసే మీ మామగారు "మందు కొట్టకుండా ద్రాక్ష ఎట్లా పండుద్దమ్మా?" అన్నారని ఒక్క వాక్యం రాసి వదిలేశారు. అసలు ప్రశ్న అదే. దానికి జవాబు తెలిస్తే మిగతావి సగం తేలిపోతాయి.

మాది రంగారెడ్డి జిల్లా. చిన్నప్పుడు మా ఇంటి వెనకే ద్రాక్ష పందిళ్లు ఉండేవి. మాంట్‌పెల్లియేలో ద్రాక్షసాగు చదువుకుని, పదిహేనేళ్లుగా ఆల్సాస్‌లో ఒక కుటుంబ వైనరీలో తోట పనులు చూస్తున్నాను. పన్నెండు హెక్టార్లు, మన లెక్కలో దాదాపు ముప్పై ఎకరాలు. అంతా ఆర్గానిక్.

మామగారికి చెప్పండి: మందు కొట్టకుండా పండదు. మేమూ కొడతాం. వాన ఎక్కువున్న ఏడాది పక్క తోటవాళ్లకన్నా ఎక్కువసార్లే కొడతాం. తేడా కొట్టామా లేదా అన్నదాంట్లో లేదు, ఏం కొట్టామన్నదాంట్లో ఉంది. ఆర్గానిక్‌లో కృత్రిమ రసాయన మందులు, కలుపు మందులు, యూరియా లాంటి ఎరువులు నిషిద్ధం. మాకు మిగిలే పెద్ద ఆయుధాలు రెండే. బూజు తెగులుకి రాగి, బూడిద తెగులుకి గంధకం. రాగి అంటే ఏదో కొత్త సరుకు కాదు. నిమ్మ, తమలపాకు, ద్రాక్ష తోటల్లో మన రైతులందరికీ తెలిసిన బోర్డో మిశ్రమమే. మైలుతుత్తం, సున్నం, నీళ్లు. కలిపాక ఇనుప కత్తి ముంచి చూసి, దాని మీద ఎర్రటి పూత కనబడితే ఇంకాస్త సున్నం వేయడం మా నాన్న దగ్గరే నేర్చుకున్నాను.

ఆ పేరులోని బోర్డో ఈ దేశంలోని ఊరే. 1870ల చివర్లో అమెరికా నుంచి బూజు తెగులు ఫ్రాన్సుకి వచ్చింది. అంతకు ముందే ఫిలాక్సెరా అనే వేరు పురుగు ఇక్కడి తోటల్ని ఎండబెడుతుంటే, దాన్ని తట్టుకునే అమెరికా మొక్కల్ని తెప్పించారు. వాటితో పాటు ఈ కొత్త తెగులూ దిగింది. బోర్డో దగ్గర మెడాక్ ప్రాంతంలో దారిన పోయేవాళ్లు పండ్లు కోసుకుపోకుండా, బాట పక్క తీగల మీద మైలుతుత్తం, సున్నం కలిపి చల్లేవారు. నీలంగా కనబడితే విషమనుకుని ముట్టుకోరని. బోర్డో విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం చెప్పే మిల్లార్దే 1882లో ఆ దారిన వెళుతూ, ఆ తీగలకు మాత్రమే ఆకులు రాలకుండా ఉండడం గమనించాడు. ప్రయోగాలు చేసి 1885లో ఆ మిశ్రమాన్ని లోకానికి ప్రకటించాడు. దొంగల భయంతో చల్లిన నీలిమందు మన నిమ్మతోటల దాకా ఎలా వచ్చిందో చెబితే మీ మామగారు తప్పకుండా వింటారు.

ఇప్పుడు లెక్క చూద్దాం. రాగి నేలలో కరిగిపోయేది కాదు. ఏడాది తర్వాత ఏడాది పేరుకుంటుంది, వానపాములకీ నేలలోని మేలు చేసే శిలీంధ్రాలకీ చేటు. ఆర్గానిక్‌కి ఉన్న నిజమైన లోపం ఇది. దాన్ని దాచిపెట్టే వైనరీని నేను నమ్మను. అందుకే యూరప్‌లో ఏడేళ్లలో హెక్టారుకు 28 కిలోల రాగి మించకూడదని 2019 నుంచి నియమం ఉంది. సగటున ఏడాదికి 4 కిలోలు. మైలుతుత్తంలో రాగి పావు వంతే కాబట్టి, ఎకరాకి ఏడాదికి ఆరున్నర కిలోల మైలుతుత్తం అన్నమాట. మన దగ్గర ఒక శాతం మిశ్రమం ఎకరాకి 400 లీటర్లు కొడితే ఒక్కసారికే నాలుగు కిలోలు అయిపోతుంది. ఆ పద్ధతిలో ఏడాదికి రెండుసార్లు కూడా కొట్టలేం. అందుకని ఇక్కడ చాలా పలచగా, చాలాసార్లు, సరిగ్గా వానకి ముందు కొడతారు. రాగి ఆకు మీద పూతలా నిలుస్తుంది, లోపలికి పోదు. ఇరవై మిల్లీమీటర్ల పైన వాన పడితే చాలావరకు కొట్టుకుపోతుంది. అప్పుడు మళ్లీ మొదటి నుంచి.

2021 వేసవి నాకు ఇంకా కళ్ల ముందే ఉంది. జూన్, జూలైలలో వాన తెరిపి ఇవ్వలేదు. ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికి ట్రాక్టర్ తీసేవాళ్లం. కొట్టి ఇంటికి వచ్చేసరికి మళ్లీ మబ్బు. వాలు ఎక్కువున్న చోట ట్రాక్టర్ జారిపోతుందని వీపుకి ట్యాంకు కట్టుకుని వరుస వరుసా నడిచాం. అయినా బూజు గెలల్లోకి దిగింది. ఆ ఏడాది మాకు పంట సగానికి సగం పోయింది. రోడ్డుకి అటు పక్క తోటలో, ఆకు లోపలికి పాకే రసాయన మందు రెండు మూడుసార్లు కొట్టి వాళ్లు గట్టెక్కారు. మా ఓనర్ గారి అమ్మగారు, అప్పటికి డెబ్భై ఎనిమిదేళ్లు, ఎండిన గెలల్ని చేత్తో దులుపుతూ ఏమీ మాట్లాడలేదు. ఒక్క డబ్బా రసాయన మందు కొంటే ఆ పంట దక్కేది. కొనలేదు. ఒక్కసారి కొడితే ఆ తోటకి మళ్లీ మూడేళ్లు ఆర్గానిక్ పేరు ఉండదు. అయితే వాళ్లు కొనకపోవడానికి అదొక్కటే కారణం కాదని నాకు తెలుసు. పద్నాలుగు యూరోల సంగతి అడిగారు కదా, అందులో ఇలాంటి ఏళ్ల ఖర్చు కూడా కలిసి ఉంటుంది. పెద్ద కంపెనీ అయితే ఆ నష్టాన్ని వేరే ఊరి పంటతో పూడ్చుకుంటుంది. కుటుంబానికి ఆ కొండ వాలు ఒక్కటే ఆధారం.

మిగతా ఖర్చు కలుపు దగ్గర. కలుపు మందు లేదు కనుక తీగల కింద యంత్రంతో దున్నాలి, మొదళ్ల దగ్గర పారతో తీయాలి. వరుసల మధ్య మాత్రం గడ్డిని బతకనిస్తాం. శీతాకాలానికి ముందు రై, వెచ్, క్లోవర్ గింజలు చల్లి, మొలిచిన మొక్కల్ని వసంతంలో నేల మీద పడుకోబెడతాం. మన జనుము, పిల్లిపెసర లాగా ఇది ఇక్కడి పచ్చిరొట్ట. కాయ తొలిచే పురుగుకి తీగల మీద చిన్న గొట్టాలు కడతాం. వాటిలోంచి ఆడ పురుగు వాసన తోటంతా వ్యాపిస్తే మగ పురుగుకి జత దొరకదు. మన లింగాకర్షక బుట్టల సూత్రానికి దగ్గరి చుట్టం. ఇక కోత చేత్తోనే. బుడగలొచ్చే వైన్ క్రెమాన్‌కి ఎలాగూ యంత్రంతో కోయకూడదని నియమం ఉంది.

భూమి పంపకాలు కూడా మామగారికి వెంటనే అర్థమవుతాయి. నెపోలియన్ కాలం నాటి 1804 చట్టం ప్రకారం పిల్లలందరికీ వాటాలు రావాలి. అందుకే ఆల్సాస్‌లో కమతాలు చిన్న చిన్న ముక్కలు. మా పన్నెండు హెక్టార్లు నలభైకి పైగా చోట్ల ఉన్నాయి. పక్క ముక్క ఆర్గానిక్ కాకపోతే గాలికి వాళ్ల మందు మా మీద పడుతుంది. అలాంటి చోట గట్టు పక్క వరుసను మేము విడిగా కోసి, ఆర్గానిక్ కింద కలపం.

ఈ ప్రాంతంలో ఈ దారి పట్టిన కుటుంబాలు చాలా ఉన్నాయి. బెర్గోల్ట్స్ ఊళ్లో యూజీన్ మేయర్ కుటుంబం 1969లోనే బయోడైనమిక్‌కి (అదేమిటో కింద చెబుతాను) మారింది. మందు కొట్టాక ఆయన కంటి నరం దెబ్బతింది. వైద్యం చేసిన హోమియో డాక్టరు ఆ దారి చూపించారని ఆ ఇంటివాళ్లే చెబుతారు. ఫాఫెన్‌హైమ్‌లో ఫ్రిక్ కుటుంబం 1970లో ఆర్గానిక్ మొదలుపెట్టింది. ట్యుర్క్‌హైమ్‌లోని జింద్-హుంబ్రెక్త్ వారి ఒలివియే హుంబ్రెక్త్ 1989లో మాస్టర్ ఆఫ్ వైన్ అనే కఠినమైన వైన్ పరీక్ష నెగ్గిన మొదటి ఫ్రెంచివాడు. ఆయనా బయోడైనమిక్ దారిలోనే ఉన్నాడు. ఈ రోజు ఆల్సాస్ తోటల్లో దాదాపు మూడో వంతు ఆర్గానిక్, లేదా ఆ దారిలో మారుతున్నవి.

బయోడైనమిక్ అంటే ఏమిటని మీరు అడగలేదు కానీ అక్కడ వింటారు. 1924లో ఆస్ట్రియా తత్వవేత్త రుడాల్ఫ్ స్టైనర్ ఇచ్చిన ఉపన్యాసాల నుంచి పుట్టింది. ఆవు కొమ్ములో పేడ నింపి చలికాలమంతా నేలలో పాతిపెట్టి, వసంతంలో తీసి, నీళ్లలో ఒక గంట సేపు అటూ ఇటూ తిప్పి తోటలో చల్లుతారు. చంద్రుడి దశలు చూసి పనులు పెట్టుకుంటారు. ఆవు పేడ, బెల్లం, పప్పుపిండితో జీవామృతం చేసే మన రైతుకి ఇది వింతగా ఉండదు. కొమ్ము వల్ల, చంద్రుడి వల్ల వచ్చే ఫలితం శాస్త్రం తేల్చినది కాదు. కానీ ఇలా చేసేవాళ్లు తోటలో ఎక్కువ సేపు ఉంటారు, తెగులుని ముందుగా చూస్తారు. నేను చూసిన తోటల్లో మేలు చేసింది అదేనని నా నమ్మకం.

గుర్తుల విషయం. తెల్ల నక్షత్రాలతో ఆకు ఆకారం ఉన్న పచ్చ గుర్తు యూరప్ చట్టానిది. దాని దగ్గర ఎఫ్‌ఆర్-బయో, పక్కన రెండంకెల సంఖ్య ఉంటుంది. 01 అయితే తనిఖీ చేసింది ఎకోసర్ట్ అనే సంస్థ. ఫ్రాన్సు సొంత ఎబి గుర్తు 1985 నుంచి ఉంది. మారడానికి మూడేళ్లు పడుతుంది, ఏటా తనిఖీ ఉంటుంది. కాబట్టి ఆకు గుర్తు ఊరికే అంటించే స్టిక్కర్ కాదు. ఒక జాగ్రత్త: హెచ్‌వీఈ అనే మూడక్షరాల గుర్తు కూడా పర్యావరణం పేరుతోనే ఉంటుంది, అది ఆర్గానిక్ కాదు. అందులో రసాయన మందులు కొట్టొచ్చు. చాలామంది ఇక్కడే పొరబడతారు. ఇక వీపు మీద పీపా మోస్తున్న మనిషి బొమ్మ ఉంటే, సొంత ద్రాక్ష పండించి సొంతంగా వైన్ చేసి సీసాలో నింపే స్వతంత్ర రైతు అని అర్థం. పచ్చని ఆకు, పీపా మనిషి రెండూ ఒకే సీసా మీద కనిపిస్తే మీరు వెతుకుతున్నది దొరికినట్టే.

2012 వరకు యూరప్‌లో "ఆర్గానిక్ ద్రాక్షతో చేసిన వైన్" అని మాత్రమే రాసేవారు, వైన్ తయారీకి నియమాలు లేవు. ఆ ఏడాది ఆగస్టు నుంచి తయారీకీ వచ్చాయి. సల్ఫైట్లు పూర్తిగా నిషేధం కాదు, తక్కువ. తీపి లేని రెడ్‌కి లీటరుకి 100 మిల్లీగ్రాములు, వైట్‌కి 150. మామూలు వైన్‌కి ఇవి 150, 200. ఈస్ట్ పులిసేటప్పుడే కొంత సల్ఫైట్ పుడుతుంది కనుక సున్నా అనేది ఉండదు. తలనొప్పి సంగతి కూడా ఇక్కడే తేల్చేస్తాను. ఎక్కువమంది తలనొప్పి అని చెప్పేది రెడ్ గురించి, సల్ఫైట్ ఎక్కువ ఉండేది వైట్‌లో. కాబట్టి నేరం దానిమీద వేయడం కుదరదు. ఆస్తమా ఉన్నవాళ్లు కొందరికి సల్ఫైట్ పడదు, వాళ్లు జాగ్రత్తగా ఉండాలి. మిగతావాళ్లకి తలనొప్పి తెచ్చేది ముఖ్యంగా ఆల్కహాలే. అది ఆర్గానిక్‌లోనూ అంతే ఉంటుంది. ఆరోగ్యానికి మంచిదని ఎవరైనా అమ్మితే నమ్మకండి. ఆర్గానిక్ వల్ల మేలు జరిగేది ఆ నేలకి, ఆ తోటలో పనిచేసే మాలాంటి వాళ్ల ఊపిరికి.

శాకాహారులు వెంట ఉంటే ఒక మాట అడగండి. వైన్‌ని తేటపరచడానికి కోడిగుడ్డు తెల్లసొన, చేప జిగురు, పాల ప్రొటీన్ వాడేవాళ్లున్నారు. ఆర్గానిక్‌లోనూ అనుమతి ఉంది. బెంటొనైట్ అనే బంకమట్టి వాడేవాళ్లూ ఉన్నారు. అడిగితే దాచరు.

ఆల్సాస్ వైన్ గురించి కొంచెం. పడమట వోజ్ కొండలు మబ్బుల్ని ఆపేయడం వల్ల కోల్మార్‌లో ఏడాదికి 600 మిల్లీమీటర్ల లోపే వాన పడుతుంది. పడమటి కనుమల వెనక అనంతపురానికి జరిగినట్టే. ఫ్రాన్సులో బాగా పొడిగా ఉండే చోట్లలో ఇదొకటి. ఆర్గానిక్ ఇక్కడ ముందుగా నిలదొక్కుకోవడానికి అదొక కారణం. (దక్షిణాన లాంగ్‌డాక్, ప్రోవాన్స్‌లలో ఎండ, పొడి గాలి వల్ల ఇంకా సులువు. సముద్రపు తేమ తగిలే బోర్డోలో కష్టం.) ఆల్సాస్ 1871 నుంచి 1918 దాకా జర్మనీ కింద ఉంది. సీసా జర్మనీ వాళ్లదిలాగే సన్నగా పొడుగ్గా ఉంటుంది, కొన్ని ద్రాక్ష పేర్లు కూడా జర్మన్‌లా వినిపిస్తాయి. కొత్తవాళ్లకి మంచి సంగతి ఏమిటంటే, బర్గండీలో లాగా ఊరి పేరు చూసి ఊహించక్కర్లేదు, ఇక్కడ ద్రాక్ష పేరే ముందు రాస్తారు. రీస్లింగ్, గెవుర్జ్‌ట్రామినర్, పినో గ్రి, మస్కా, సిల్వనేర్, పినో బ్లాన్, పినో న్వార్. గ్రాన్ క్రూ అని ఉంటే పేరున్న 51 వాలుల్లో ఒకదాని పంట. 2021 పంట నుంచి తీపి ఎంతో కూడా రాయాలి: సెక్ అంటే తీపి లేదు, దెమి-సెక్ కొంచెం, మొయెలో బాగా, దూ అంటే పూర్తి తీపి. ఈ నాలుగు మాటలు ఫోన్లో రాసి పెట్టుకోండి.

మన వంటతో గెవుర్జ్‌ట్రామినర్ అని అందరూ చెబుతారు. గులాబీ, లిచీ వాసన, మసాలాకి జోడీ అని. చికెన్ బిర్యానీకి ఒప్పుకుంటాను. కానీ గుంటూరు కారానికి నేను ఒప్పుకోను. దానిలో ఆల్కహాల్ ఎక్కువ, పులుపు తక్కువ. కారం మీద పడితే నాలుక ఇంకా మండుతుంది. మా ఇంట్లో చేపల పులుసు రోజున దెమి-సెక్ రీస్లింగ్ తీస్తాం. చింతపండు పులుపు ముందు నిలబడేంత పులుపు దానిలోనే ఉంది, ఆ చిటికెడు తీపి కారాన్ని చల్లారుస్తుంది. గోంగూర మటన్‌కి పినో గ్రి. పకోడీ, పునుగులకి క్రెమాన్ తప్ప మరొకటి వద్దు. ఆవకాయతో మాత్రం ఏదీ కుదరలేదు, మజ్జిగే సరి.

రావడం గురించి. సెప్టెంబర్ చివర అంటే కోతల మధ్యలో వస్తున్నారు. ఇంటిల్లిపాదీ తోటలోనో ద్రాక్ష పిండే ప్రెస్ దగ్గరో ఉంటారు. రెండు వారాల ముందే ఫోన్ చేసి టైమ్ తీసుకోండి. మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకా వాళ్లు తినే వేళ, అప్పుడు తలుపు తట్టకండి. రుచి చూపించడానికి చాలా కుటుంబాలు డబ్బు తీసుకోవు. ఒకటో రెండో సీసాలు కొని రావడం మర్యాద. ఉమ్మడానికి ఒక పాత్ర పెడతారు, ఉమ్మితే ఎవరూ తప్పుగా అనుకోరు. కారు నడిపేవాళ్లు తప్పకుండా ఉమ్మాలి, ఇక్కడ పరిమితి లీటరు రక్తానికి అర గ్రాము, లైసెన్సు కొత్తదైతే 0.2. మామగారు ఇండియాకి సీసాలు తీసుకెళ్తే మనిషికి రెండు లీటర్ల దాకా కస్టమ్స్ సుంకం లేదు. ముప్పావు లీటరు సీసాలు రెండు పెట్టెలో బట్టల మధ్య చుట్టి పెట్టండి, చేతి సంచిలో పెడితే ఎయిర్‌పోర్టులో తీసేస్తారు.

వైన్ రుచి చూసే ముందు తోట చూస్తామని అడగండి. తీగల కింద నేల గట్టిగా, బోసిగా, గోధుమ రంగు చారలా ఉంటే కలుపు మందు కొట్టినట్టు. గడ్డి ఉండి, పారతో తవ్విన గుర్తులుండి, చేతిలోకి తీసుకుంటే మట్టి పొడిపొడిగా రాలితే సరే. మామగారికి ఇది నేను చెప్పక్కర్లేదు, ఆయనే చూసి మీకు చెబుతారు. ఈ ఏడాది రాగి ఎన్నిసార్లు కొట్టారు, మొత్తం ఎన్ని కిలోలు అయింది అని ఆయన్నే అడగమనండి, మీరు ఫ్రెంచ్‌లోకి మార్చి చెప్పండి. నిజంగా చేసేవాళ్లు లెక్క పుస్తకం తెచ్చి ముందు పెడతారు. ఆయన్ని చెప్పులతో మాత్రం తీసుకురాకండి. ఆ రోజుల్లో పొద్దున మంచుకి గడ్డి తడిసి ఉంటుంది, వాలు మీద కాలు జారుతుంది.